సీజన్‌కీ సీజన్‌కీ మధ్య రహీమ్ సాబ్

తాండూరు బండలు పరిచిన ఇంట్లోకి అడుగు పెడితే తెలియనివాళ్ళు రంగు చూస్తారు, నునుపు చూస్తారు. తెలిసినవాళ్ళు వంగి సందు చూస్తారు. బండ అందంలో మేస్త్రీ గొప్పేమీ లేదు. అది భూమిలోంచి పొరలు పొరలుగా వస్తుంది, పాలిష్ పడితే మెరుస్తుంది. రెండు బండలు కలిసేచోట కాలికి అంచు తగలకుండా, నీళ్ళు నిలవకుండా, గీత వంకర పోకుండా చూసుకోవడంలో మేస్త్రీ చెయ్యి తెలుస్తుంది. ఫుట్‌బాల్ జట్లను కూడా ఇలాగే చూడాలని నా పట్టుదల. ఒక ఏడాది కప్పు గెలవడానికి మంచి ఆటగాళ్ళు, కాస్త ఊపు, పెనాల్టీల దగ్గర కొంచెం అదృష్టం చాలు. మరుసటి ఏడాది కూడా గెలవాలంటే సీజన్‌కీ సీజన్‌కీ మధ్య ఉన్న ఆ నాలుగైదు నెలల సందును ఎవరో ఒకరు కూర్చుని పూడ్చాలి.

ఆ నెలల్లో పత్రికలకు రాయడానికి ఏమీ ఉండదు. జట్టు మాత్రం లోపల వదులైపోతుంటుంది. కాంట్రాక్టులు ముగుస్తాయి. నిరుడు బాగా ఆడిన కుర్రాడికి పక్క క్లబ్బు పెద్ద జీతం చూపిస్తుంది. కోచ్‌కు ఇంకో ఊరినుంచి ఫోన్ వస్తుంది. ప్రత్యర్థులు మన ఆటను సీజన్ పొడుగునా చూసి, ఎక్కడ నొక్కితే ఊపిరాడదో రాసిపెట్టుకుంటారు. చివరి స్థానంలో నిలిచిన జట్టుకు ఈ బెడద తక్కువ. దాని ఆటగాళ్ళను ఎవరూ ఎత్తుకుపోరు.

ఆస్ట్రేలియా ఎ-లీగ్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. దానికి తోడు, కాస్త మెరిసినవాణ్ని విదేశీ క్లబ్బులు ఎగరేసుకుపోతాయి. వెస్టర్న్ యునైటెడ్ 2022లో చాంపియన్ అయింది, మరుసటి సీజన్‌లో ఫైనల్స్ దశకే చేరలేదు. సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్ 2023 ఫైనల్లో మెల్‌బోర్న్ సిటీని 6–1తో చిత్తు చేసింది. ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టిన జేసన్ కమింగ్స్ అదే ఏడాది కోల్‌కతా వచ్చి మోహన్ బగాన్‌లో చేరాడు. ఇంకొన్నాళ్ళకు కోచ్ నిక్ మాంట్‌గోమరీ స్కాట్లాండ్ వెళ్ళిపోయాడు. అయినా మెరైనర్స్ 2024లో మళ్ళీ గెలిచింది. ఇది నిజంగా అరుదు. ఆ తర్వాతి సీజన్‌లో అదీ ఫైనల్స్‌కు దూరమైంది.

ఆ సందును పూడ్చే పనితనం చూడటానికి మనం అంత దూరం పోనక్కరలేదు. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ చేరాక చాదర్‌ఘాట్ వంతెన కిందుగా పోతుంది. ఆ చాదర్‌ఘాట్ హైస్కూల్లో, కాచిగూడ మిడిల్ స్కూల్లో ఒకప్పుడు పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు, దాదాపు అప్పుడే భారత జట్టుకూ అయ్యారు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా రెండు పనులూ ఆయనవే.

ఆయన పేరు చెప్పగానే అందరూ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం అంటారు. 2024లో అజయ్ దేవగణ్‌తో వచ్చిన ‘మైదాన్’ సినిమా కూడా అక్కడికే పరుగెత్తింది. సినిమాకు ఫైనల్ కావాలి మరి. నా కళ్ళు వేరేచోట నిలుస్తాయి. బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్‌ను హైదరాబాద్ పోలీస్ 1950లో గెలిచింది, 51లో గెలిచింది, 52లో, 53లో, 54లో గెలిచింది. వరుసగా అయిదు. 1957లో, 1960లో మళ్ళీ గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957, 1961లలో వీళ్ళదే. చివరిదాని నాటికి జట్టు పేరు ఆంధ్రా పోలీస్‌గా మారింది. ఫైనల్లో ఓడించింది మోహన్ బగాన్‌ను. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో వరుసగా గెలుచుకుంది.

ఇవి లీగులు కావు, నాకౌట్ టోర్నీలు కదా, అంత గొప్పేముంది అని అడిగేవాళ్ళుంటారు. లీగ్‌లో ఒక చెడ్డరోజును ఇంకో రోజు సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఒక్క చెడ్డరోజుతో పెట్టె సర్దుకోవాలి. పైగా రోవర్స్ జరిగేది బొంబాయిలో. సొంత ఊరు, సొంత జనం లేనిచోట అయిదేళ్ళపాటు ఆ చెడ్డరోజు రాకుండా చూసుకోవడం ఎలాంటి పనో ఆలోచించండి. అయిదేళ్ళంటే ఫుట్‌బాల్‌లో తరం మారే కాలం. మొదటి కప్పు ఎత్తిన కాళ్ళే అయిదో కప్పు కూడా ఎత్తాయని అనుకోవడానికి లేదు. మధ్యలో ఎవరో తగ్గారు, ఎవరో వచ్చారు, సందు మాత్రం కనపడలేదు.

ఎలా సాధ్యమైందని వెతికితే ముందుగా తగిలేవి ఆయన పెట్టిన వింత టోర్నమెంట్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ఒకటి, డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నీ. బంతి కాలికి అందాక దాన్ని వెంటపెట్టుకుని ఎదుటివాణ్ని తప్పించుకుపోవడం కుదరదు, ఇచ్చేయాలి. మన గల్లీల్లో బంతి దొరికిన ప్రతి పిల్లాడూ మొదట చేసే పని సరిగ్గా దీనికి వ్యతిరేకం. నలుగురిని దాటి అయిదోవాడి దగ్గర పోగొట్టుకుంటే కూడా చుట్టూ చప్పట్లు పడతాయి. రహీమ్ ఆ చప్పట్లను నియమంతో ఆపేశారు. ఇచ్చేయక తప్పదని తెలిసిన పిల్లాడు బంతి రాకముందే తల ఎత్తి చూడటం మొదలుపెడతాడు. ఎవరు ఎక్కడున్నారో ముందే లెక్క వేసుకుంటాడు. బంతి లేని మిగతా పదిమంది కూడా ఊరికే నిలబడటానికి వీల్లేదు, ఎందుకంటే బంతి ఉన్నవాడికి ఇవ్వడానికి ఎవరో ఒకరు ఖాళీగా దొరకాలి. ఒక్క నిషేధంతో చూపు, పరుగు, పాస్ మూడూ అలవడ్డాయి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

రెండోది, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే టోర్నీ. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదటి రోజు మైదానం నవ్వులపాలై ఉంటుందని ఊహించుకోవచ్చు. అయితే ఇందులో ఒక గడుసు లెక్క ఉంది. ఒకే కాలు వాటమున్న ఆటగాడు మైదానంలో ఒక పక్కకే పనికొస్తాడు, ప్రత్యర్థి అతన్ని రెండో పక్కకు తోస్తే చాలు. రెండు కాళ్ళూ నడిచేవాణ్ని ఎటు తోయాలో తెలియదు. ఇంకా ముఖ్యం, జట్టులో ఎడమ అంచున ఖాళీ వచ్చిననాడు ఎడమకాలి వాడికోసం ఊరంతా వెతకక్కరలేదు. ఉన్నవాళ్ళలోంచే ఒకణ్ని జరపొచ్చు.

మూడోది, నిర్ణీత ఎత్తు దాటని పిల్లలకు మాత్రమే పెట్టే పోటీలు. వయసు కాగితాల్లో అబద్ధం ఆడొచ్చు, గోడకు నిలబెట్టి కొలిచే ఎత్తులో ఆడలేం. బడి మాస్టారికి తట్టే ఆలోచన ఇది. పొడుగ్గా, బలంగా ఉన్నందుకే బడి జట్టులో చోటు సంపాదించే పిల్లలు పక్కకు తప్పుకుంటే, బక్కగా ఉన్నా బంతితో మాట్లాడగలిగేవాళ్ళు బయటపడతారు. ఆ వయసులో వదిలేస్తే వాళ్ళు ఆటే మానేస్తారు.

ఈ మూడు టోర్నీలను విడివిడిగా చూస్తే మంచి తర్ఫీదు అనిపిస్తుంది. కలిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రహీమ్ ఒక్క జట్టుకు శిక్షణ ఇవ్వడంతో ఆగలేదు, మొత్తం ఊరికే ఒక ఆట నేర్పారు. ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కాబట్టి ఏ పోటీ పెట్టాలో, ఏ నియమం ఉండాలో ఆయన చేతిలోనే ఉంది. బడి మాస్టారు కాబట్టి పిల్లలు ఎక్కడ ఆడుతున్నారో తెలుసు. పోలీస్ జట్టు కోచ్ కాబట్టి రెండేళ్ళ తర్వాత ఏ స్థానం ఖాళీ అవుతుందో తెలుసు. పోలీస్ జట్టులోకి కొత్తగా వచ్చే కుర్రాడు ఎవరైనా, చిన్నప్పటినుంచీ ఆ ఆటే ఆడి ఉంటాడు. అతనికి కొత్తగా నేర్పేది పక్కవాడి పేరే. ఈ రోజుల్లో పెద్ద క్లబ్బులు కోట్లు పోసి అకాడమీలు కట్టి చేస్తున్న పనిని ఆయన ఒక విజిల్‌తో, నాలుగు నియమాలతో చేశారు.

తుల్సీదాస్ బలరాం అలా దొరికినవాడే. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పాత పోలీసు బూట్లు చెప్పులు కుట్టేవాడికిచ్చి ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నానని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు. ప్రాక్టీసుకు రావడానికి చార్జీల్లేకపోతే సైకిల్ అద్దెకు డబ్బులిచ్చింది రహీమ్ అని కూడా. కొద్దికాలానికే ఆ కుర్రాడు ఒలింపిక్స్‌లో ఉన్నాడు.

ఆ ఒలింపిక్స్ 1956 మెల్‌బోర్న్‌వి. జట్టులో మన హైదరాబాద్ వాళ్ళు గుంపుగా ఉన్నారు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. డిసెంబర్ 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు. బొంబాయికి చెందిన నెవిల్ డిసూజా హ్యాట్రిక్ కొట్టి, ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనవాళ్ళే, చివరికి 4–1తో ఓడారు. నాలుగో స్థానం దక్కింది. తిరుగు ప్రయాణానికి ముందు సిడ్నీలో ఆస్ట్రేలియాతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 7–1తో గెలిచారు. ఆస్ట్రేలియా క్లబ్బుల నిలకడలేమి గురించి ఈ రోజు హైదరాబాద్ పక్కనుంచి మాట్లాడటానికి నాకు ధైర్యం ఎక్కడిదంటే, బహుశా ఆ ఏడు గోల్స్‌నుంచే.

అదే యుగోస్లావియా నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో మనల్ని 10–1తో చితకబాదింది. అప్పుడు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. పదినుంచి నాలుగుకు తగ్గిన ఆ తేడాలో రహీమ్ పని ఎంతో ఉంది. అయిదుగురు ముందుకు ఉరికే పాత అమరికను ఆయన వదిలేశారు, సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించారు, తర్వాత నలుగురు డిఫెండర్ల పద్ధతికి వచ్చారు. ప్రపంచంలో ఎక్కడేం జరుగుతోందో చూసి, తన దగ్గరున్న కాళ్ళకు సరిపోయినంత తీసుకున్నారు. ఈ అమరికల గురించి పుస్తకాల్లో చాలా రాశారు కాబట్టి వదిలేస్తాను.

జీతాల సంగతి వదలకూడదు. పోలీస్ జట్టు ఆటగాడికి డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఉంది. ఆట బాగున్నా, బాగోలేకపోయినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది. కాంట్రాక్టు ముగిసే తేదీ అంటూ లేదు. క్లబ్బులను నిద్రపోనివ్వని ఆ నాలుగైదు నెలలు ఈ జట్టుకు మామూలు డ్యూటీ నెలలే. రహీమ్ పనితనం గురించి మురిసిపోయేటప్పుడు ఆ పనితనం కింద ఈ గట్టి నేల ఉందని మరచిపోకూడదు. అలాగని దాన్ని స్వర్ణయుగమని పొగడను. కానిస్టేబుల్ జీతంతో దేశానికి ఆడి, తర్వాత ఎవరికీ గుర్తు లేకుండా పోయిన తరం అది.

జకార్తాను పక్కన పెట్టాను గానీ, ఒక్క ముక్క చెప్పాలి. 1962లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద గెలిచారు. ఈలోగా జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను ఆసియాలోనే పేరున్న డిఫెండర్. తలతో బంతిని ఎదుర్కోవడం అతని వృత్తి, ఆ తలకే కట్టు. ఇంకెవరైనా అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2తో గట్టెక్కారు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ అదే కొరియా. స్టేడియం మొత్తం మనవాళ్ళకు వ్యతిరేకంగా అరుస్తుండగా ఇరవై నిమిషాలు తిరిగేసరికి స్కోరు 2–0. ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది ఆ కట్టు కట్టిన తలవాడిది. చివరికి 2–1. ఇదేదో మెరుపులాంటి ఆలోచన అని రాస్తుంటారు. నాకలా అనిపించదు. ఎడమకాలితో ఆడించే టోర్నీలు పెట్టినాయన ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు: ఇతను ఇంకేం చేయగలడు? జకార్తాలో ఆ ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంది.

ఆయన చేతికి అందనిది ఒకటుంది. కోల్‌కతా. అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాడికి పేరు, డబ్బు, లక్షమంది అభిమానులు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్ వెళ్ళిపోయారు. ఇంకా చాలామంది వెళ్ళారు. రహీమ్ ఉన్నన్నాళ్ళూ పోయినవాడి స్థానంలోకి ఇంకొకడు వచ్చేవాడు. ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు ఆ ఊపు సాగింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత పోవడమే మిగిలింది, రావడం తగ్గింది. నయీముద్దీన్, హబీబ్ 1966లో కోల్‌కతా చేరారు. నయీముద్దీన్ కెప్టెన్సీలోనే భారత్ 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచింది. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్ళలో హబీబ్ ఒకరు. హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరిదీ అదే రైలు. హైదరాబాద్ ఆటగాళ్ళను తయారు చేయడం ఆపలేదు, జట్టును తయారు చేయడం ఆపేసింది.

కోచ్‌గా, సంఘం కార్యదర్శిగా, బడి మాస్టారుగా మూడు పనులూ ఒకే మనిషి తలలో ఉండటం ఆయన బలం. ఆయనతోపాటే ఆ కలయిక కూడా పోయింది. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఈ లోపం ఆయనదే అంటాను. పని చేసి చూపించారు గానీ, ఆ పనిని ఒక కార్యాలయంగా మిగల్చలేదు.

దాదాపు అరవై ఏళ్ళ తర్వాత అదే ఊరి జట్టులో ఇంకొకాయన సందు పని చేయడం నేను చూశాను. టీవీలోనే అనుకోండి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, ఆడింది ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో. తొలి సీజన్ ఘోరం: పద్దెనిమిది మ్యాచుల్లో రెండు గెలుపులు, పది పాయింట్లు, ఆఖరి స్థానం. రెండో సీజన్‌కు ముందు అప్పటి కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనాకు వెళ్ళిపోయారు. ఆగస్టు నెలాఖరున, ఉన్నపళంగా, స్పెయిన్‌నుంచే మనోలో మార్క్వెజ్‌ను తెచ్చారు. కరోనా రోజులు. లీగ్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో.

మార్క్వెజ్ చేసింది పైకి చాలా మామూలుగా ఉంటుంది. కుర్రాళ్ళకు ఆట ఇచ్చారు. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్, మధ్యలో హితేశ్ శర్మ, అంచున లిస్టన్ కొలాసో. పేరున్నవాళ్ళు కారు. తప్పు చేస్తే మరుసటి మ్యాచ్‌లో తీసేయలేదు. ఆ సీజన్‌లో అయిదో స్థానం. వెంటనే సందు తెరుచుకుంది: లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్ కొనుక్కుంది. అదే ఏడాది మైదానంలో విదేశీయుల సంఖ్యను లీగ్ అయిదునుంచి నాలుగుకు తగ్గించింది. స్వదేశీ కుర్రాళ్ళను ముందే తయారు చేసుకున్న జట్టుకు అది కలిసొచ్చింది. ముందువరసలోకి నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఓగ్బెచె వచ్చాడు. 37 ఏళ్ళవాడు. ఆ వయసులో అతను తక్కువ పరుగెత్తేవాడు, మిగతావాళ్ళు అతనికోసం పరుగెత్తేవాళ్ళు. 2021–22లో 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో ఫైనల్, ఎదుట కేరళ బ్లాస్టర్స్. స్టేడియం వాళ్ళ అభిమానుల పసుపుపచ్చతో నిండిపోయింది. రెండో సగంలో రాహుల్ గోల్ కొట్టాక అంతా అయిపోయిందనిపించింది. 88వ నిమిషంలో, బెంచీ మీదనుంచి వచ్చిన సాహిల్ తవోరా దూరంనుంచి తన్నిన బంతి నెట్‌లో పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, హాలీచరణ్ నర్జారీ ఆఖరిది కొట్టాడు. 3–1. ఓగ్బెచె సీజన్ అంతా గోల్స్ కొట్టాడు, ఫైనల్‌ను నిలబెట్టింది మాత్రం ఎవరూ లెక్కలో వేసుకోని తవోరా. ఇలాంటివి అదృష్టమని కొట్టిపారేయొచ్చు. ఏడాది పొడుగునా ఇరవైమందికి పైగా ఆటగాళ్ళను ఆటలో ఉంచిన కోచ్‌కు అలాంటి అదృష్టం ఎక్కువసార్లు వస్తుంది.

మరుసటి వేసవిలో కుడి పక్క ఆశిష్ రాయ్ కూడా మోహన్ బగాన్‌కే వెళ్ళాడు. మార్క్వెజ్ ఏం చేశారంటే, అంచున ముందుకు ఉరికే నిఖిల్ పూజారిని వెనక్కి తెచ్చి డిఫెండర్‌గా ఆడించారు. జర్నైల్‌ను ముందుకు పంపిన పనికి ఇది సరిగ్గా తలకిందులు, తర్కం ఒకటే. 2022–23లో జట్టు లీగ్‌లో చాంపియన్ అయిన ఏడాదిలాగే రెండో స్థానంలో నిలిచింది, అదీ అప్పటికంటే నాలుగు పాయింట్లు ఎక్కువగా, 42తో. సెమీఫైనల్లో పెనాల్టీల మీద ఓడింది. కప్పు రాలేదు కాబట్టి ఈ సీజన్‌ను ఎవరూ తలుచుకోరు. నా దృష్టిలో మార్క్వెజ్ చేసిన అసలైన పని ఇదే. గెలిచిన మరుసటి ఏడాది తగ్గకుండా నిలబడటం.

తర్వాతి కథలో ఫుట్‌బాల్ చాలా తక్కువ. 2023లో మార్క్వెజ్ గోవాకు వెళ్ళారు. ఆకాశ్ మిశ్రా ముంబైకి, నర్జారీ బెంగళూరుకు. ఓగ్బెచె వెళ్ళిపోయాడు. క్లబ్బు దగ్గర డబ్బు నిండుకుంది, జీతాలు ఆగాయి, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే విమానం ఎక్కారు, కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. తంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా, మిగిలిన కుర్రాళ్ళతో సీజన్‌ను లాక్కొచ్చాడు. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, అట్టడుగు స్థానం. రెండేళ్ళ ముందు చాంపియన్ ఈ జట్టే. 2024లో కొత్త యాజమాన్యం వచ్చింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రహీమ్ కాలంలో ఆటగాళ్ళే కోల్‌కతా వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు క్లబ్బు క్లబ్బే రైలెక్కింది.

మార్క్వెజ్ 2024లో భారత జట్టుకు కోచ్ అయ్యారు, తొలి మ్యాచ్‌లు ఆడింది గచ్చిబౌలిలోనే. మారిషస్‌తో డ్రా, సిరియా చేతిలో 3–0 ఓటమి. ఏడాది తిరిగేలోపు ఎనిమిది మ్యాచుల్లో ఒక్క గెలుపుతో బాధ్యత వదులుకున్నారు. దీన్నిబట్టి ఆయన మంచి కోచ్ కాదనేవాళ్ళతో నేను ఏకీభవించను. జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్ళు కొద్దిరోజులే చేతికి వస్తారు. నెలల తరబడి కూర్చుని సర్దే పని అక్కడ కుదరదు. రహీమ్‌కు కుదిరిందంటే, భారత జట్టులో చాలామంది ఆయన ఊరి మైదానాల్లో పెరిగినవాళ్ళు కాబట్టి.

ఇప్పుడు మన వైపు మిగిలింది శ్రీనిధి దక్కన్. తాండూరు, వికారాబాద్‌లనుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మన్నెగూడ దాటి, చేవెళ్ళ మర్రిచెట్ల నీడలో సాగి, మొయినాబాద్ తర్వాత అజీజ్‌నగర్ దగ్గరికి వస్తారు. శ్రీనిధి సొంత మైదానం దక్కన్ అరీనా అక్కడే. ఐ-లీగ్‌లో ఈ జట్టు తొలి సీజన్‌లో మూడో స్థానం, 2022–23లో రెండో స్థానం, 2023–24లో మళ్ళీ రెండో స్థానం. గెలిస్తే ఐఎస్‌ఎల్‌కు వెళ్ళేవాళ్ళు, రెండుసార్లూ ఒక్క మెట్టు కింద ఆగారు. పత్రికలకు ఇది వైఫల్యం. సందు చూసే అలవాటున్న నాకు మూడేళ్ళు మొదటి మూడింట్లోంచి జారకపోవడమే ముచ్చటేస్తుంది. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ మ్యాచులు ఈ మైదానంలో కూడా జరిగాయి. గచ్చిబౌలిలో ఫైనల్ గెలిచింది బెంగాల్.

రహీమ్ సాబ్ టోర్నమెంట్లు పెట్టడానికి దక్కన్ అరీనా కూడా అక్కరలేదు. బడి మైదానం, ఒక బంతి, ఎత్తు కొలిచే టేపు ఉంటే చాలు. తాండూరులో గానీ వికారాబాద్‌లో గానీ ఏ పీఈటీ సారైనా వచ్చే ఆదివారమే ఎడమకాలి ఆట పెట్టొచ్చు. రెఫరీకి మాత్రం కాస్త ఓపిక ఉండాలి, ఎందుకంటే మొదటి అరగంటలో కుడికాలి ఫౌళ్ళు లెక్కపెట్టడానికే టైమ్ సరిపోతుంది.